టైటిల్స్ స్కిప్ చేస్తే ఏం పోతుంది, ఏం పోదు

మీ ప్రశ్న ఇదీ: మీరూ మీ తమ్ముడూ కలిసి సిరీస్‌లు చూస్తారు. ప్రతి ఎపిసోడ్‌కీ నిమిషంన్నర టైటిల్స్. మీరు 'స్కిప్ ఇంట్రో' నొక్కబోతే అతను రిమోట్ లాక్కుని, అదీ షోలో భాగమే, అంత కష్టపడి చేసినదాన్ని ఎలా దాటేస్తావని గొడవ. నిజంగా ఏమైనా పోగొట్టుకుంటున్నామా, లేక ఇదంతా ఉత్త బిల్డప్పేనా అని అడిగారు.

నేను చాలాకాలంగా పోస్ట్ ప్రొడక్షన్‌లో ఉన్నాను. ప్రధానంగా ఎడిటింగ్, మధ్యమధ్యలో టైటిల్స్ పని కూడా. అంచేత తమ్ముడి వైపే మాట్లాడతానని అనుకుని ఉండొచ్చు. సగం వరకే. టైటిల్స్ ఎంత అందంగా ఉన్నాయన్నదాన్ని బట్టి తేల్చుకోవాలనుకుంటే మీ గొడవ ఎప్పటికీ తెగదు, అందం ఎవరి కంటికి వారిది. నేను చూసేవి వేరే రెండు. టైటిల్స్‌కి ముందు సీన్ ఏదైనా ఉందా, ఉంటే అది ఎక్కడ తెగింది? టైటిల్స్ ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మారుతున్నాయా? ఈ రెండూ తెలిస్తే బటన్ నొక్కాలో వద్దో దాదాపు తేలిపోతుంది.

ముందు ఆ బటన్ సంగతి. నెట్‌ఫ్లిక్స్ దాన్ని 2017లో తెచ్చింది. అప్పటికే దాదాపు 15 శాతం సందర్భాల్లో జనం మొదటి ఐదు నిమిషాల్లోనే షోని చేత్తో ముందుకు జరుపుకుంటున్నారని వాళ్ళ లెక్కల్లో తేలింది. అలా జరిపిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది: ఎక్కువ జరిపేసి, మళ్ళీ వెనక్కొచ్చి, ఈసారి టైటిల్స్ మధ్యలో పడి, తిట్టుకుని మళ్ళీ ముందుకి. ఆ అవస్థ తప్పించడానికే బటన్. ఐదేళ్ళ తర్వాత 2022లో, మామూలు రోజున దాన్ని 13 కోట్ల 60 లక్షల సార్లు నొక్కుతున్నారనీ, అందరికీ కలిపి రోజుకి 195 ఏళ్ళ సమయం ఆదా అవుతోందనీ ఆ సంస్థే చెప్పింది. ఈ అంకె చూసి మా వాళ్ళు చాలామంది గుండెలు బాదుకున్నారు. నేను మాత్రం కాలిక్యులేటర్ తీశాను. భాగిస్తే ఒక్కో నొక్కుడుకి సుమారు 45 సెకన్లు వస్తాయి. అంటే జనం దాటేస్తున్నవాటిలో ఎక్కువ భాగం మీ తమ్ముడు ప్రాణం పెట్టే నిమిషంన్నర కళాఖండాలు కాకపోవచ్చు, లేదా వాటినీ సగం చూశాకే నొక్కుతూ ఉండొచ్చు. ఎలా చూసినా, ఈ తరానికి ఓపిక లేదని తీర్పు చెప్పేంత సాక్ష్యం ఇందులో లేదు.

పేర్లు పడేటప్పుడు చూడాల్సిందేమీ లేదనే అభిప్రాయం ఈ తరం కనిపెట్టిందీ కాదు. ఒకప్పుడు అమెరికాలో చాలా థియేటర్లలో పేర్లు మూసి ఉన్న పరదా మీదే పడేవి. అసలు కథ మొదలయ్యే సమయానికి పరదా తీసేవారు. 1955లో 'ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్' రీళ్ళు థియేటర్లకి పంపినప్పుడు, టైటిల్స్‌కి ముందే పరదా తీయండని ప్రొజెక్టర్ నడిపేవాళ్ళకి చీటీ పెట్టాల్సి వచ్చింది. నల్లటి నేపథ్యం మీద తెల్లటి పట్టీలు కదిలి కదిలి చివరికి వంకర తిరిగిన చెయ్యిగా మారే ఆ టైటిల్స్ చేసింది సాల్ బాస్. మా పనికి పెద్దదిక్కు లాంటివాడు. ఆయన టైటిల్స్‌కే బతిమాలుకోవాల్సి వచ్చిందంటే, ఇవాళ మేం అలగడంలో అర్థం లేదు.

టీవీలో టైటిల్స్ పని మొదట్లో ఇంకా మోటుగా ఉండేది. పక్క గదిలో ఉన్నవాళ్ళని పిలవడం, అంతే. ట్యూన్ వినబడగానే అందరూ చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చోవాలి. వారానికోసారి వచ్చే షోకి అది అవసరమే. తర్వాత అమెరికా నెట్‌వర్క్ ఛానెళ్ళలో ప్రకటనల సమయం పెరిగేకొద్దీ టైటిల్స్ కుదించుకుపోయాయి. 2004లో మొదలైన 'లాస్ట్'లో చీకట్లోంచి పేరు తేలుతూ రావడం తప్ప ఇంకేమీ లేదు, కొన్ని సెకన్లలో అయిపోతుంది. ప్రకటనలు లేని హెచ్‌బీఓ లాంటి చందా ఛానెళ్ళకి ఆ తొందర లేదు. 'ది సొప్రానోస్' (1999) హీరో టన్నెల్‌లోంచి బయటపడి, చుట్ట తాగుతూ, న్యూజెర్సీలో తన ఇంటి దాకా తీరిగ్గా కారు నడుపుకుంటూ వెళ్తాడు. 'సిక్స్ ఫీట్ అండర్' (2001) ఒక శవం చివరి ప్రయాణాన్నే టైటిల్స్‌గా చూపించింది. ఇలాంటి టైటిల్స్ ఎక్కువగా పెరిగింది ప్రకటనలు లేని చోట, వాటిని దాటేసే బటన్ వచ్చిందీ ప్రకటనలు లేని చోటే. నాకు నవ్వొచ్చే విషయం ఇది.

మధ్యలో మారింది విడుదల పద్ధతి. 2013 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో 'హౌస్ ఆఫ్ కార్డ్స్' మొదటి సీజన్ 13 ఎపిసోడ్లూ ఒకే రోజు వచ్చిపడ్డాయి. వాషింగ్టన్ నగరం మీద మబ్బులూ నీడలూ పరుగెత్తే టైమ్‌ల్యాప్స్ టైటిల్స్, వెనక బరువైన సంగీతం. వారానికోటి చొప్పున చూస్తే అవి మూడు నెలల్లో 13 సార్లు కనబడతాయి. శని, ఆదివారాల్లో సీజన్ ముగించేవాళ్ళకి రెండ్రోజుల్లో 13 సార్లు. డిజైన్ అదే, సంగీతం అదే, మోతాదు మారిపోయింది. మీ విసుగు అక్కడ పుట్టింది. దానికి మీరు సిగ్గుపడక్కర్లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. టైటిల్స్‌కి ముందు వచ్చే సీన్‌ని మేం కోల్డ్ ఓపెన్ అంటాం. రెండు నిమిషాలుండొచ్చు, పది నిమిషాలైనా ఉండొచ్చు. ఎడిటింగ్ టేబుల్ మీద ఆ సీన్ చివరి షాట్ దగ్గర జరిగినంత చర్చ ఇంకెక్కడా జరగదు. ఆఖరి మాట అయిపోయాక ముఖం మీద ఎన్ని ఫ్రేములు ఆగాలి, టైటిల్ సంగీతం మొదటి స్వరం కట్‌కి ముందే రావాలా, కట్ మీద రావాలా, ఒక క్షణం నిశ్శబ్దం ఇచ్చి తర్వాత రావాలా అని గంటలు గడిచిపోతాయి. ఇంత తర్జనభర్జన ఎందుకంటే ఆ కట్‌కి అవతల టైటిల్స్ ఉంటాయన్న నమ్మకంతోనే సీన్‌ని అక్కడ వదిలేస్తాం. నాటకంలో తెర పడి మళ్ళీ లేచే వ్యవధి లాంటిది అది. ఆ వ్యవధిలో చూసేవాడు 'అంటే వాడు చచ్చిపోయాడా' అని పక్కవాణ్ణి అడుగుతాడు, ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి సీన్‌లో కాలమో చోటో మారినా ఒప్పుకోవడానికి సిద్ధమవుతాడు.

ఇప్పుడు బటన్ నొక్కండి. పిస్తోలు పేలిన షాట్, దానికి అతుక్కుని మరుసటి ఉదయం కాఫీ కప్పు షాట్. ఈ రెండు షాట్లూ పక్కపక్కన ఉండాలని ఎవరూ అనుకోలేదు. ఉంటే ఎలా ఉంటుందో ఎవరూ చూసుకోలేదు కూడా. మీకు కథ అర్థమవుతుంది, అందులో సందేహం లేదు. కానీ మొదటి షాట్ బరువు మీ మీద పడకముందే రెండోది వచ్చి దాన్ని తుడిచేస్తుంది. 'బ్రేకింగ్ బ్యాడ్' రెండో సీజన్ దీనికి మంచి ఉదాహరణ. కొన్ని ఎపిసోడ్లు నలుపు తెలుపులో మొదలవుతాయి. ఈత కొలను, అందులో తేలుతున్న, సగం కాలిన గులాబీరంగు టెడ్డీబేర్ బొమ్మ. బొమ్మకి తప్ప దేనికీ రంగు ఉండదు. అది ఎప్పటి సంగతో, ఎవరికి ఏమైందో చెప్పరు. వెంటనే పొగ, రసాయన మూలకాల గుర్తులు, గిటార్ తీగల మోత, పేరు. ఇరవై సెకన్లు కూడా ఉండవు. తర్వాత కథ వర్తమానంలోకి వస్తుంది. ఆ కాస్త టైటిలే రాబోయే కాలానికీ ఇప్పటికీ మధ్య గోడ. అది తీసేస్తే రెండు కాలాలు ఒకదానిలోకి ఒకటి కారిపోతాయి. కాబట్టి పొట్టి టైటిల్స్‌ని అసలే స్కిప్ చేయకండి. మిగిలేది పదిహేను సెకన్లు, పోయేది ఎడిటర్ పెట్టిన ఫుల్‌స్టాప్.

కోల్డ్ ఓపెన్ లేకుండా నేరుగా టైటిల్స్‌తో మొదలయ్యే షోల సంగతి వేరు. అక్కడ టైటిల్స్ గుమ్మం పని చేస్తాయి: బయటి గోల వదిలేసి లోపలికి రమ్మంటాయి. మొదటిసారి కూర్చున్నప్పుడు ఆ గుమ్మం దాటి రావడమే మంచిది. ఒకే రాత్రి వరసగా నాలుగో ఎపిసోడ్ చూస్తుంటే మీరు లోపలే ఉన్నారు, మళ్ళీ బయటికెళ్ళి గుమ్మం దాటక్కర్లేదు. నిశ్చింతగా నొక్కేయండి. తమ్ముడికి కూడా ఇదే మాట చెప్పండి.

అయితే 'నొక్కేయండి' అన్నది ఒకటి రెండు సార్లు పూర్తిగా చూశాకే. మంచి టైటిల్స్‌లో కథ సారం దాచిపెట్టి ఉంటుంది, దాన్ని అందుకోవడానికి మొదటి చూపు చాలదు. 'డెక్స్‌టర్' (2006) టైటిల్స్ చూడండి. ఒక మనిషి పొద్దున్నే లేచి చేసే మామూలు పనులు: దోమని చంపడం, గడ్డం గీసుకోవడం, గుడ్డు వేయించుకోవడం, నారింజపండు పిండటం, బూట్ల లేసులు బిగించడం. అన్నిటినీ కెమెరా ఎంత దగ్గరికెళ్ళి తీసిందంటే ప్రతి పనీ ఒక హత్యలా కనిపిస్తుంది. లేసు బిగిస్తుంటే గొంతు నులుముతున్నట్టే ఉంటుంది. చివర్లో అతను తలుపు వేసుకుని, మనవైపు చూసి తల ఊపి, మర్యాదస్తుడిలా వెళ్ళిపోతాడు. మన మధ్యే తిరిగే హంతకుడి కథకి ఇంతకన్నా పొందికైన పరిచయం ఏ రచయితా మాటల్లో రాయలేడు. డైలాగ్ ఒక్కటీ లేదు, రక్తం కూడా గడ్డం గీసుకునేటప్పుడు పడ్డ చుక్కే. ఇది స్కిప్ చేసి షో చూసినవాళ్ళకి కథలో లోటేమీ తెలియదు. కానీ ఆ షోలో బాగా తీసిన రెండు నిమిషాల్లోపు ముక్కని వాళ్ళు చూడలేదు.

ఇక మారే టైటిల్స్. ఇక్కడ నేను పూర్తిగా తమ్ముడి పక్షం. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' (2011) టైటిల్స్ అంటే ఆట బొమ్మల్లా పైకి లేచే కోటలతో ఉన్న మ్యాపు. ఆ ఎపిసోడ్ కథ ఏ ఊళ్ళకి వెళ్తుందో దాన్ని బట్టి మ్యాపులో కనబడే చోట్లు మారుతుంటాయి. వింటర్‌ఫెల్ కోట కథలో తగలబడ్డాక టైటిల్స్‌లో కూడా దానిలోంచి పొగ లేస్తుంది. పదుల కొద్దీ పాత్రలూ, నోరు తిరగని ఊళ్ళూ ఉన్న కథలో అది ప్రతి వారం ఉచితంగా ఇచ్చే భూగోళ పాఠం. 'వీళ్ళెక్కడున్నారు, వాళ్ళకి ఎంత దూరం' అని మధ్యలో ఆపి అడిగేవాళ్ళు చాలామంది ఆ మ్యాపు దాటేసినవాళ్ళే. 'ఫ్రింజ్'లో టైటిల్స్ నీలంగా ఉంటే కథ మన లోకంలో, ఎర్రగా ఉంటే సమాంతర లోకంలో. 1985లో జరిగిన కథకి టైటిల్స్ కూడా ఆ కాలపు వీడియో గ్రాఫిక్స్ వేషం వేసుకుని వచ్చాయి. 'వాండావిజన్' (2021) చాలా ఎపిసోడ్లకి ఒక్కో దశాబ్దపు కామెడీ సీరియల్ పద్ధతిలో కొత్త పాట, కొత్త టైటిల్స్ చేసింది. అక్కడ స్కిప్ నొక్కితే కథలో ముక్కే పోతుంది. 'ది వైర్' ఐదు సీజన్లకీ పాట ఒక్కటే, పాడినవాళ్ళు మాత్రం ప్రతి సీజన్‌కీ వేరు. కొత్త సీజన్ మొదలైనప్పుడు ఒకసారి వింటే చాలు.

'ది సింప్సన్స్' కథ ఇంకా సరదా. ప్రతి వారం కొత్త బొమ్మలు గీయాల్సిన పని కొంత తగ్గుతుందని మొదట్లో టైటిల్స్ పొడుగ్గా పెట్టుకున్నారు. ఎప్పుడూ అదే వస్తే చూసేవాళ్ళకి విసుగు కదా అని బ్లాక్‌బోర్డ్ మీద కుర్రాడు రాసే వాక్యమూ, కుటుంబమంతా సోఫా మీదకి చేరే తీరూ మారుస్తూ వచ్చారు. చివరికి ఆ సోఫా జోక్ కోసమే ఎపిసోడ్ పెట్టుకునేవాళ్ళు తయారయ్యారు. జపాన్ యానిమే అభిమానులకైతే ఇదంతా చెప్పక్కర్లేదు. అక్కడ ఓపెనింగ్ పాట సాధారణంగా 90 సెకన్లు, కొన్ని ఎపిసోడ్లకోసారి పాటే మారుతుంది. 'జోజోస్ బిజార్ అడ్వెంచర్' ఒక భాగంలో, కాలాన్ని ఆపగల విలన్ ఆఖరి ఎపిసోడ్లలో టైటిల్స్ మధ్యలోకే వచ్చి పాటని ఆపేస్తాడు. అలవాటుగా స్కిప్ కొట్టినవాళ్ళు ఆ దెబ్బ చూడలేదు.

మారుతున్నాయో లేదో తెలుసుకోవడం ఎలా అంటే, రెండో ఎపిసోడ్‌లో పూర్తిగా చూడండి. తేడా పట్టుబడకపోతే మూడో ఎపిసోడ్ నుంచి మీ ఇష్టం. ప్రతి సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, ఆఖరి ఎపిసోడ్‌లో మాత్రం స్కిప్ చేయకుండా చూడండి, మార్పులు చేస్తే సాధారణంగా అక్కడే చేస్తాం. 'సొప్రానోస్' టైటిల్స్‌లో కారు అద్దంలో కనబడే జంట భవనాల షాట్‌ని 2001 దాడుల తర్వాత వచ్చిన సీజన్లలో తీసేశారు. ఏ ప్రకటనా చేయలేదు, ఒక షాట్ పోయింది, అంతే. చూసినవాళ్ళకి తెలిసింది.

అన్ని టైటిల్సూ ఇంత భక్తిగా చూడాల్సినవి కావని కూడా ఒప్పుకోవాలి. 2014లో 'ట్రూ డిటెక్టివ్' మనిషి ముఖాల్లోంచి ఫ్యాక్టరీ పొగగొట్టాలూ రోడ్లూ కనబడేలా టైటిల్స్ చేసి ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) గెలుచుకుంది. కాలుష్యంతో పాడైన నేల, దానితోపాటే పాడైన మనుషులు, అందులో అర్థముంది. తర్వాత కొన్నేళ్ళపాటు ఏ క్రైమ్ షో తెరిచినా ముఖంలో ముఖం, ముఖంలో అడవి, నెమ్మదిగా నీళ్ళలో కరిగే సిరా, వెనక చెల్లో వాద్యం మూలుగు. అవి ఎలా పుడతాయో లోపలివాణ్ణి కాబట్టి చెప్తాను. షో ఇంకా పూర్తికాదు, డైరెక్టర్‌కి తీరిక ఉండదు, 'ఫలానా షో లాంటిది కావాలి' అని నిర్మాత ఒక వీడియో పంపిస్తాడు. అలా వచ్చినవాటిని రెండో ఎపిసోడ్ నుంచే స్కిప్ చేయండి, ఎవరి మనసూ నొచ్చుకోదు.

సంగీతం గురించి ఒక మాట. బొమ్మ ఒక్కసారి చూసినా గుర్తుండొచ్చు, ట్యూన్‌కి మాత్రం పదేపదే వినడం కావాలి. 'మాల్గుడి డేస్' చూసినవాళ్ళని అడగండి. కథలు సగం మరిచిపోయి ఉంటారు, ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మల మీద వచ్చే ఎల్. వైద్యనాథన్ ట్యూన్ మాత్రం ఇప్పటికీ తప్పు లేకుండా హమ్ చేస్తారు. అప్పట్లో స్కిప్ బటన్ ఉంటే ఆ ట్యూన్ అంత లోతుగా దిగేది కాదని నా అనుమానం. ఇవాళ కూడా సంగీతం పట్టేస్తే జనం బటన్ జోలికి పోరు. 'ది వైట్ లోటస్' మూడో సీజన్‌లో (2025) పాత కేకల ట్యూన్ తీసేసి కొత్తది పెట్టినప్పుడు ప్రేక్షకులు ఎంత గొడవ చేశారో చూశాం. 'పీస్‌మేకర్' (2022) నటులందరూ ముఖంలో ఏ భావమూ లేకుండా డాన్స్ చేసే టైటిల్స్‌ని జనం వెతుక్కుని మరీ మళ్ళీ చూశారు.

మరి పేర్ల సంగతి? మీ తమ్ముడు 'అంత కష్టపడి చేసినది' అంటున్నాడు కదా, ఆ కష్టపడినవాళ్ళ పేర్లు. పేర్లకి ఒప్పందాల్లో చాలా విలువుంది. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు విడిగా చివర్లో అన్నది లాయర్లు కూర్చుని తేలుస్తారు. 1980లో 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' మొదట్లో దర్శకుడి పేరు వేయలేదని అమెరికా దర్శకుల సంఘం జరిమానా వేస్తే, జార్జ్ లూకాస్ అది కట్టేసి సంఘం నుంచే బయటికొచ్చేశాడు. కానీ మీరు స్కిప్ నొక్కితే ఏ ఒప్పందమూ చెడదు. పైగా చాలా షోలలో దర్శకుడు, రచయిత పేర్లు టైటిల్స్ అయ్యాక మొదటి సీన్ మీదే పడతాయి, వాటిని స్కిప్ ముట్టుకోదు. పేర్ల మీద అంత గౌరవముంటే ఎపిసోడ్ చివర్లో చూపించమనండి. లైట్‌మన్ నుంచి నాలాంటి ఎడిటర్ల అసిస్టెంట్ల దాకా అందరి పేర్లూ అక్కడే పడతాయి, సరిగ్గా అప్పుడే తెర చిన్నదైపోయి 'తర్వాతి ఎపిసోడ్ 5, 4, 3' అని లెక్క మొదలవుతుంది. నన్నడిగితే అన్యాయం అక్కడుంది. ఆటోప్లే ఆపుకునే వీలు చాలా యాప్‌ల సెట్టింగ్స్‌లో ఉంటుంది.

బటన్ నొక్కేముందు తెలియాల్సిన సాంకేతిక విషయం ఒకటుంది. టైటిల్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఎవరో ఒకరు టైమ్‌కోడ్ గుర్తు పెడతారు, లేదా సాఫ్ట్‌వేర్ అన్ని ఎపిసోడ్ల ఆడియో పోల్చి, అన్నిట్లో ఒకేలా వినబడే ముక్కని టైటిల్స్‌గా పట్టుకుంటుంది. రెండు పద్ధతుల్లోనూ అంచుల దగ్గర ఇబ్బందే. టైటిల్ సంగీతం తోక మీదే తర్వాతి సీన్ మాటలు మొదలయ్యే షోలలో స్కిప్ కొడితే మొదటి డైలాగ్ సగం మింగేయొచ్చు. సీన్ మధ్యలోకి వచ్చి పడ్డట్టు అనిపిస్తే ఒకసారి పది సెకన్లు వెనక్కి వెళ్ళండి.

'స్కిప్ రీక్యాప్' అని ఇంకో బటన్ వస్తుంది చూశారా, దాన్ని మాత్రం మొహమాటం లేకుండా నొక్కండి, వరసగా చూస్తున్నప్పుడైతే మరీను. 'ఇంతకుముందు జరిగిన కథ' ముక్కలు మేం ఊరికే ఏరం. ఇవాళ్టి ఎపిసోడ్ అర్థం కావడానికి ఏవి కావాలో అవే ఏరతాం. రెండు సీజన్లుగా జాడలేని ఒక మామయ్య రీక్యాప్‌లో మూడు సెకన్లు కనిపించాడంటే, ఇంకో అరగంటలో ఆయన తలుపు తట్టబోతున్నాడని అర్థం. వారం వారం చూసేవాళ్ళకి ఆ సాయం కావాలి. నిన్న రాత్రే ముందు ఎపిసోడ్ చూసిన మీకు అది ముందే చెప్పేసిన సస్పెన్స్.